మా ఇంటి మారియో నిదానంగా పరుగెత్తేవాడు

పోయిన దసరా సెలవుల్లో కూకట్‌పల్లిలో మా అన్నయ్య వాళ్లింటికి వెళ్లాను. హాల్లో కూర్చుని వదినకు చిక్కుడుకాయలు ఈనెలు తీసి పెడుతున్నాను. లోపలి గదిలో మా మేనల్లుడు నింటెండో స్విచ్ అనే వీడియో గేమ్ మెషీన్ ఆన్ చేసి పాత మారియో ఆట, సూపర్ మారియో బ్రదర్స్, పెట్టాడు. పాట మొదలవగానే నా చెయ్యి ఆగిపోయింది.

"ఒరేయ్, దాన్నెందుకు స్పీడులో పెట్టావురా?" అని అడిగాను.

"స్పీడేం లేదత్తా. ఒరిజినలే ఇది."

నేను నమ్మలేదు. నల్లకుంటలో పదిహేనేళ్లుగా పిల్లలకు వయొలిన్ నేర్పుతున్నాను. వర్ణం వాయిస్తూ ఒక పిల్ల రెండో ఆవర్తనంలో కాస్త ముందుకు జరిగినా, తాళం వేస్తున్న నా చేతికి వెంటనే తెలిసిపోతుంది. ఈ పాటయితే 1998 నుంచి నాలుగేళ్లపాటు రోజూ విన్నాను. శ్రుతి నాకు గుర్తున్నదే, స్వరాలూ అవే, కాలం మాత్రం అది కాదు. ఎవరో వెనక నుంచి తరుముతున్నట్టు పరుగెడుతోంది.

వాడు కంట్రోలర్ నా చేతికిచ్చాడు. 1-1, అంటే మొదటి వరల్డ్‌లో మొదటి స్టేజి, నాకు కళ్లు మూసుకుని ఆడేంత వచ్చు. నాలుగో గొట్టం దాటాక వచ్చే మొదటి గుంతలోనే పడిపోయాను. అంచు దాకా వెళ్లి ఎగరడం నా అలవాటు, కానీ నేను బటన్ నొక్కేసరికే అంచు వెనక్కి వెళ్లిపోయింది. మళ్లీ ఆడాను, మళ్లీ అదే గుంత. మేనల్లుడు నవ్వలేదు, పాపం. "చాలా రోజులైంది కదత్తా" అన్నాడు. ఆ రాత్రంతా నాకు అదే ఆలోచన. మర్చిపోయి ఉంటే చేతులు తడబడాలి. నా చేతులు తడబడలేదు, రెండుసార్లూ ఒకేలా ఆలస్యమయ్యాయి. అంటే అవి వేరే కాలానికి అలవాటు పడి ఉన్నాయి.

మా ఇంట్లో ఉన్నది మారియో ఆట చేసిన నింటెండో కంపెనీ పెట్టె కాదు, దానికి ఎవరో చేసిన నకలు. 1998 వేసవిలో నాన్న కోఠి గుజరాతీ గల్లీలో 650 రూపాయలు పెట్టి కొన్నది. మేం దాన్ని టీవీ గేమ్ అనేవాళ్లం. తెల్లటి పెట్టె, రెండు రిమోట్లు, దాంతోపాటు పసుపు రంగు క్యాసెట్. ఆన్ చేస్తే తెర మీద 9999 ఆటలు అని వచ్చేది. కిందికి పోతూ ఉంటే అవే పది పన్నెండు ఆటలు మళ్లీ మళ్లీ వచ్చేవి. యాంటెన్నా వైరు పీకి గేమ్ వైరు పెట్టి, టీవీ వెనకాల చిన్న చక్రం తిప్పుతూ చుక్కల మధ్యలోంచి బొమ్మ తేలే దాకా వెతికేవాళ్లం. అరగంట ఆడితే అడాప్టర్ పెనంలా కాలేది. అమ్మ వచ్చి చెయ్యి పెట్టి చూసి ఆపేసేది.

ఇద్దరి ఆట పెడితే అన్నయ్య ముందు, నేను తర్వాత. నాది రెండో బొమ్మ. వాడి పేరు లుయీజీ అని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. బొమ్మ మారియోదే, రంగులే వేరు. అన్నయ్య లైఫ్ పోతేగానీ నా వంతు వచ్చేది కాదు. వాడు బాగా ఆడేవాడు కాబట్టి నేను ఎక్కువగా కూర్చుని వినేదాన్ని. పైన స్టేజిల పాట, గొట్టంలోకి దిగితే వచ్చే ముక్కలు ముక్కల పాట, నీళ్లలో మూడేసి దెబ్బలతో ఊగే పాట. తర్వాత మా గురువుగారు తిశ్రం చెప్పిన రోజు నాకు చప్పున ఆ నీళ్ల పాటే గుర్తొచ్చింది. తాళం మీద ప్రేమ నాకు ముందుగా ఎక్కడ పుట్టిందని ఎవరైనా అడిగితే ఆ టీవీ ముందే అంటాను.

దసరా అయిపోయాక వచ్చిన మొదటి ఆదివారం అటక మీద నుంచి పెట్టె దింపాను. నేను పాఠాలు చెప్పే మేడ మీద గదిలో పాత 14 అంగుళాల డబ్బా టీవీ ఇంకా ఉంది. అడాప్టర్ చచ్చిపోయింది. కోఠి వెళ్లి 150 రూపాయలకు కొత్తది తెచ్చాను. చిన్నప్పుడు క్యాసెట్ పట్టకపోతే నోటితో ఊదేవాళ్లం కదా, దయచేసి అలా చెయ్యకండి, నోటి తడికి లోపలి రాగి పళ్లు పాడవుతాయి. ఇయర్ బడ్‌ని స్పిరిట్‌లో ముంచి తుడిస్తే చాలు. మూడోసారి పెట్టినప్పుడు బొమ్మ వచ్చింది.

పాట వచ్చింది. నా పాట, నా కాలంలో.

కింద నుంచి అమ్మ గట్టిగా అరిచింది. "ఏంటే, మీ టీవీ గేమ్ బాగైందా?" వంటింట్లో ఉండి, తెర చూడకుండానే. ఆవిడ ఆ ఆట ఒక్కరోజు కూడా చూడలేదు. నాలుగేళ్లు విన్నదంతే.

ఇక కొలవడం మొదలుపెట్టాను. మారియోలో ప్రతి స్టేజికీ ఒక గడియారం ఉంటుంది, 1-1లో అది 400 నుంచి కిందికి దిగుతుంది. మారియోని మొదట్లోనే కదలకుండా నిలబెడితే ఏ శత్రువూ రాదు, ఎందుకంటే మనం ముందుకు జరిగితేనే వాళ్లు పుడతారు. టైమ్ అయిపోయి చచ్చిపోయే దాకా అలా నిలబెట్టి ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టాను. మా పెట్టెలో 3 నిమిషాల 12 సెకన్లు. మేనల్లుడికి ఫోన్ చేసి స్విచ్ మీద అదే కొలవమన్నాను. 2 నిమిషాల 40 సెకన్లు. 192, 160. భాగించి చూస్తే సరిగ్గా ఆరుకి అయిదు.

ఆ ఆరు, అయిదు ఎక్కడివో అర్థం కావడానికి టీవీల సంగతి తెలియాలి. జపాన్‌లో, అమెరికాలో అప్పటి టీవీ సెకనుకు దాదాపు 60 సార్లు బొమ్మ గీస్తుంది. మన దూరదర్శన్ పద్ధతిలో 50 సార్లు. బొమ్మ ఒక్కసారి గీయడాన్ని ఇక్కడ ఒక గీత అంటాను. సూపర్ మారియో బ్రదర్స్ 1985 సెప్టెంబర్ 13న జపాన్‌లో ఫ్యామికామ్ అనే నింటెండో మెషీన్ కోసం వచ్చింది. అందులో అన్నీ ఆ గీతల లెక్క మీదే నడుస్తాయి. మారియో ఒక్కో గీతకు ఇంత జరగాలి, గడియారం 24 గీతలకు ఒకటి తగ్గాలి, పాటలో ఒక్కో స్వరం ఇన్ని గీతలు నిలవాలి. ఆ ప్రోగ్రామ్‌ను మార్చకుండా తెచ్చి మన 50 గీతల టీవీకి తగిలిస్తే మొత్తం ప్రపంచమే ఆరో వంతు నెమ్మదిస్తుంది. 24 గీతలకు అక్కడ 0.4 సెకను పడితే ఇక్కడ 0.48 పడుతుంది. 400 సార్లు కూడితే నాకు వచ్చిన 192 సెకన్లే.

యూరప్ టీవీలు కూడా 50వే. కానీ నింటెండో అక్కడికి పంపినప్పుడు ప్రోగ్రామ్‌ను సర్ది, మారియోకి ఒక్కో గీతకు ఎక్కువ నడక ఇచ్చింది. మా పసుపు క్యాసెట్‌లో ఉన్నది ఆ సర్దిన ప్రోగ్రామ్ కాదని నా స్టాప్‌వాచ్ చెప్పింది. 60కి రాసినదాన్నే 50 మీద ఆడాం మనం. హైదరాబాద్‌లోనే కాదు, మన దేశంలో ఈ రకం పెట్టెతో పెరిగిన పిల్లలు చాలామంది ఇలాగే ఆడి ఉంటారు.

నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి శ్రుతిది. పాత టేపు రికార్డర్‌లో క్యాసెట్ నెమ్మదిగా తిరిగితే గొంతు కూడా దిగిపోతుంది గుర్తుందా, బ్యాటరీ అయిపోతున్నప్పుడు? ఇక్కడ అలా జరగలేదు. వయొలిన్ శ్రుతి చేసే ట్యూనర్ పెట్టి చూశాను. తేడా ఒక శాతం లోపే, అంటే మామూలు చెవికి తెలియనంత. కారణం ఏమిటంటే స్వరం ఎంత ఎత్తులో ఉండాలో చిప్పు గడియారం నిర్ణయిస్తుంది, ఎంతసేపు ఉండాలో టీవీ గీత నిర్ణయిస్తుంది. జపాన్ మెషీన్ చిప్పు 1.79 మెగాహెర్ట్జ్. మన 50 గీతల టీవీల కోసం చేసిన ఈ రకం నకలు చిప్పులు 1.77. దాదాపు ఒకటే. యూరప్ అసలు మెషీన్ చిప్పు 1.66. ఈ క్యాసెట్ అందులో పెడితే పాట ఒక స్వరస్థానం కన్నా ఎక్కువే దిగిపోతుంది. నకలు చేసినవాళ్లు ఎవరో గానీ జపాన్ క్యాసెట్లు పాడవకుండా ఆడాలని ఆలోచించి చేశారు. అందుకే మాకు శ్రుతి చెడకుండా కాలం మాత్రం తగ్గింది. పైన స్టేజిల పాట అసలు కాలం నిమిషానికి 200 దెబ్బలు, మా ఇంట్లో 167. మెట్రోనోమ్ పెట్టి సరిచూసుకున్నాను.

నాదం మాత్రం కొంచెం వేరు. స్విచ్ మీద కాస్త నిండుగా, మా పెట్టెలో కాస్త సన్నగా. ఈ రకం నకలు చిప్పులు చాలావాటిలో, స్వరం పలికే చదరపు తరంగాలకు ఉండే రెండు వెడల్పులు ఒకదాని చోట ఒకటి తారుమారుగా ఉంటాయి. వయొలిన్ మీద కమానును బ్రిడ్జికి దూరంగా లాగడానికీ, కాస్త దగ్గరగా లాగడానికీ ఉండే తేడా లాంటిది.

నిదానం వల్ల ఆటకు ఏమైంది? మారియో ఎంత దూరం ఎగురుతాడో అది మారలేదు. ఎంతసేపు గాల్లో ఉంటాడో అదే మారింది. కోటల్లో గిర్రున తిరిగే నిప్పు కడ్డీ కింద నుంచి దూరడానికి మాకు కాస్త ఎక్కువ వ్యవధి దొరికేది. 8-3లో సుత్తులు విసిరే తాబేళ్ల జంట దగ్గర మా అన్నయ్య నిలబడి, ఊపిరి పీల్చుకుని, వెళ్లేవాడు. గడియారం 100కి దిగి పాట వేగం పుంజుకున్నాక కూడా మాకు 48 సెకన్లు ఉండేవి, జపాన్ పిల్లలకు 40. ఇప్పుడు స్విచ్ మీద 8-1 ఆడుతుంటే అర్థమవుతోంది, ఈ ఆటలో ఎంత టెన్షన్ ఉందో. సంగీత దర్శకుడు కోజి కొండో ఆ పాటను ఆటగాడి కదలికకు తగ్గట్టు కట్టాడంటే ఏమిటో కూడా ఇప్పుడే అర్థమైంది. 60 మీద మారియో పరుగూ పాటా ఒక్క ప్రాణంలా ఉంటాయి. 50 మీద కూడా రెండూ కలిసే నెమ్మదిస్తాయి కాబట్టి ఆ పొత్తు చెడదు. విలంబకాలంలో పాడిన కీర్తన కీర్తన కాకుండా పోదు.

ఇలా మొదలయ్యాక మిగిలిన రూపాలు కూడా ఆడి చూడాలనిపించింది.

స్విచ్‌లోనే సూపర్ మారియో ఆల్ స్టార్స్ ఉంది. 1993లో 16 బిట్ల సూపర్ నింటెండో అనే తర్వాతి మెషీన్ కోసం అదే ఆటను మళ్లీ గీశారు. మొదట చూడగానే కళ్లు నిండిపోయాయి. అసలు ఆటలో మేఘం, కింద పొద ఒకే బొమ్మ, రంగు మార్చారంతే. ఎందుకంటే ఆట మొత్తం 40 కిలోబైట్లలో ఇరికించాలి. వాట్సాప్‌లో వచ్చే శుభోదయం ఫొటో అంతకన్నా పెద్దది. ఆల్ స్టార్స్‌లో మేఘం మేఘంలా, పొద పొదలా ఉంటాయి. లుయీజీకి కూడా సొంత ముఖం, సొంత ఒడ్డూపొడుగూ వచ్చాయి. ఏళ్ల తరబడి వాడితో ఆడినదాన్ని కదా, వాడి ముఖం చూసి నాకు సంతోషమేసింది. ఎక్కడి దాకా ఆడామో దాచుకునే వీలు ఉంది. పాత మెషీన్‌లో స్వరాలు పలికే వాయిద్యాలు మూడు, డోలు లాంటి చప్పుడు ఒకటి. మనం ఎగిరినా, నాణెం పట్టినా ఆ చప్పుడు కోసం ఒక వాయిద్యం కాసేపు తప్పుకునేది. కొత్తదాంట్లో ఎనిమిది గొంతులు ఉన్నాయి కాబట్టి పాట నిండుగా ఉంటుంది.

అయినా నాకు అది నచ్చలేదు. కారణం ఇటుక.

అసలు ఆటలో పెద్ద మారియో ఇటుకను తలతో కొడితే ఇటుక పగిలి, వాడు వెంటనే కిందికి వస్తాడు. కొట్టు, దిగు. కొట్టు, దిగు. మృదంగం మీద వేలు పడి లేచినట్టు. ఆల్ స్టార్స్‌లో ఇటుక పగిలినా మారియో పైకి పోతూనే ఉంటాడు, పగిలిన సందులోంచి ఇంకాస్త ఎగిరి ఆ తర్వాత దిగుతాడు. చూసేవాళ్లకు ఇది పెద్ద విషయం కాకపోవచ్చు. ఆడే చేతికి మాత్రం ప్రతి ఇటుక దగ్గరా సమం తప్పుతుంది. వరసగా నాలుగు ఇటుకలు పగలగొట్టేటప్పుడు నేను మనసులో లెక్కపెట్టే దెబ్బ, మారియో పాదం నేలకు తగిలే క్షణం విడిపోతాయి. అన్ని రంగులు వేసి, అంత ఓపికగా పర్వతాలు గీసి, ఈ ఒక్కటి వదిలేశారే అని నిజంగా బాధేసింది.

ఇంకోటి కూడా పోయింది. 1-2 చివర గోడలోంచి దూరితే అంతులేని నీళ్ల స్టేజిలోకి వెళ్లొచ్చని మా అన్నయ్య బడిలో విని వచ్చి, రెండు వారాలు కష్టపడి సాధించాడు. ఎంత ఈదినా మళ్లీ మొదటికే వస్తాం. అది తయారీలో జరిగిన పొరపాటు. 1986లో జపాన్‌లో డిస్క్ మీద వచ్చిన రూపంలో అదే సందులోంచి వెళితే మూడు వింత స్టేజిలు వస్తాయి, వాటికి అంతం కూడా ఉంది. ఆల్ స్టార్స్‌లో ఆ సందు మూసేశారు.

చేతిలో పట్టుకుని ఆడే గేమ్ బాయ్ కలర్ మీద 1999లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ డీలక్స్ నా స్నేహితురాలి పుణ్యమా అని ఆడాను. యోకొహామాలో ఉద్యోగం తనది, సంక్రాంతికి వచ్చేటప్పుడు సెకండ్ హ్యాండ్‌ది తెచ్చిపెట్టింది. ఆ తెరకు లోపల లైటు ఉండదు కాబట్టి పగటిపూట బాల్కనీలో కూర్చుని ఆడాలి. తెర 160 చుక్కల వెడల్పు, 144 ఎత్తు. అసలు ఆట బొమ్మ 256 వెడల్పు, 240 ఎత్తు. వాళ్లు బొమ్మను చిన్నది చెయ్యలేదు, కిటికీని చిన్నది చేశారు. ఇంటి ముందు వీధిని తలుపు సందులోంచి చూసినట్టు ఉంటుంది. ఎత్తు మీద నుంచి దూకాలంటే కింద ఏముందో తెలియదు. ఆగి, బటన్ నొక్కి తెరను కిందికి జరిపి చూసుకోవాలి. మొదటి రోజు చిరాకొచ్చింది. మూడో రోజుకి అలవాటైంది, ఎందుకంటే ఈ స్టేజిలు నాకు కంఠస్థం. కొత్తగా ఆడేవాళ్లకు మాత్రం దీన్ని మొదటి మారియోగా ఇవ్వకండి.

కానీ డీలక్స్ చేసినవాళ్లకు ఈ ఆట అంటే ఎంత ప్రేమో ప్రతిచోటా కనిపిస్తుంది. ప్రతి స్టేజిలో అయిదు ఎర్ర నాణేలు, ఒక గుడ్డు దాచారు. చిన్నప్పటి నుంచి నడిచిన దారిలో, ఇన్నేళ్లూ ఖాళీ అనుకున్న మూలలో ఎర్ర నాణెం మెరిస్తే నాకు ఒళ్లు పులకరించింది. 3 లక్షల పాయింట్లు దాటితే జపాన్‌లో 1986లో వచ్చిన కష్టమైన రెండో భాగం కూడా తెరుచుకుంటుంది. దాని కాలం అసలు కాలమే. చిన్న స్పీకర్‌లో వచ్చినా పాట సరైన నడకలో ఉంటుంది. నా లెక్కలో అసలు ఆట తర్వాతి చోటు దీనిదే.

గేమ్ బాయ్ అడ్వాన్స్ మీద 2004లో వచ్చినదాన్ని కాసేపే చూశాను. నిలువును 160 చుక్కల ఎత్తుకు నొక్కేశారు, అందరూ పొట్టిగా కనబడతారు. చాలు.

ఏది అసలైనదని అడిగితే స్విచ్ మీద 60లో ఆడేదే. ఈ ఆటను తయారు చేసిన మియామొతో, తెజుకా, కొండో పెట్టిన కాలం అది, అందులో నాకు సందేహం లేదు. రోజూ పాఠాలు అయ్యాక పావుగంట అదే సాధన చేస్తున్నాను, కొత్త కాలానికి చేతిని మార్చుకోవడానికి. ఇప్పుడు 4వ వరల్డ్ దాకా వచ్చాను. కానీ ఈ ఆట రూపాల జాబితా ఎవరు రాసినా అందులో 50 గీతల మారియోకి కూడా ఒక వరస ఉండాలని నా కోరిక. దాన్ని ఎవరూ కావాలని తయారు చెయ్యలేదు, కంపెనీ పేరు లేదు, విడుదల తేదీ లేదు. అయినా ఎన్నో ఇళ్లలో పిల్లలు దాన్నే మారియో అనుకుని పెరిగారు.

మొన్న ఆదివారం మేనల్లుడు నల్లకుంట వచ్చాడు. మేడ మీద డబ్బా టీవీ ముందు వాడిని కూర్చోబెట్టి రిమోట్ ఇచ్చాను. మొదలుపెట్టిన పది సెకన్లకే తల తిప్పి నావైపు చూశాడు. "అత్తా, ఇది బురదలో నడుస్తున్నట్టుంది." నాలుగో గొట్టం దాటాడు. ఆ గుంత వచ్చింది. వాడు అంచుకు ఇంకా రెండడుగులు ఉండగానే ఎగిరేశాడు, అవతలి గట్టుకు అందక సరిగ్గా నేను పడిన చోటే పడ్డాడు.

"మళ్లీ ఆడనా?" అన్నాడు.

"ఆడు. అంచు దాకా పో. తొందర లేదు."

రెండోసారి దాటాడు. కింద నుంచి అమ్మ పకోడీలు అయ్యాయని పిలిచింది. వాడు కదల్లేదు. నేను అడాప్టర్ మీద చెయ్యి పెట్టి చూశాను, ఇంకా అంత వేడెక్కలేదు.